మొదటి సగం మా ఆయనది

మా ఇంట్ల సినిమా రెండు ముక్కలు. మొదటి సగం మా ఆయన చెప్తడు, రెండో సగం నేను చెప్త. పొద్దుగాల నేను జొన్నరొట్టె కాలుస్తుంటే ఆయన పొయ్యి ముంగట కూసొని మొదలువెడ్తడు. ఇంటర్వెల్లు దాక వచ్చి ఆగుతడు. ఇగ ఆడికెల్లి నేను. రెండూ కలిస్తే ఒక సినిమా. నిండుగ ఒక్క సినిమా ఇద్దరిల ఎవ్వరం చూస్తలేం.

గిదెట్ల అంటరా, చెప్త. పోలీసు చర్య అయ్యి తొమ్మిదేండ్లయిన ఏడాది మాట ఇది. ఒక్క షావుకారికే రెండు డేరా టాకీసులుండె. ఒకటి వికారాబాదుల, ఒకటి మా తాండూర్ల. డేరాలు రెండు గని సినిమా ఒకటే తెస్తుండె. వికారాబాదుల పొద్దుగూకంగనే ఆట షురువైతది. సగమైనంక ఆ రీళ్లన్ని డబ్బల వెట్టుకొని మా ఆయన ప్యాసింజరు బండెక్కుతడు. ఆయనొచ్చెటాల్లకు తాండూరు డేరల జనం కూసొని రికార్డులు వింటుంటరు. రీళ్లు ఇచ్చి మల్ల స్టేషన్‌కు పోతడు. వెనుక బండిల గార్డు చేతికిచ్చి పంపిన రెండో డబ్బ అందుకొని, అదీ ఇచ్చి, ఇంటికొచ్చి పంటడు. నేనేమో ఇంటర్వెల్లుల పల్లీలు, ఉడకవెట్టిన శనగ గుడాలు అమ్ముత. ఇంటర్వెల్లు అయినంక గేటుకాడ టికెట్టు అడిగెటోడుండడు. బుట్ట సంకల వెట్టుకొని పోయి కూసుంట.

సినిమాలంటే నాకు పానమని అనుకోకుండ్రి. కాళ్లు గుంజుతయి, కూసుంట. తెర మీద ఎవరో ఒకరు ఏడుస్తుంటరు, చుట్టున్న ఆడోళ్లు కొంగులతోని కండ్లు ఒత్తుకుంటుంటరు. నాకేం గాదు. ఎవడు సచ్చిండు, ఎవరు మిగిలిండ్రు, అది యాద్వెట్టుకుంట. తెల్లారి చెప్పాలె గద.

ముందుగాల గిట్ల లేకుంటి. మూడేండ్ల కింద కాన్పయితే బిడ్డ పుట్టంగనే పోయింది. నాకు జరం పట్టింది. ఇరవై రోజులు దవాఖానల ఉన్న. బతుకుతనని ఎవ్వరనుకోలేదంట. ఇగ పిల్లలు గారని గూడ చెప్పి పంపిండ్రు. ఇంటికొచ్చినంక రెండు నెల్లు నేను నోరు తెరువలే. ఏడువలే గూడ. మా అత్త బుగ్గమ్మ పూడూరు కెల్లి వచ్చి, "కన్నతల్లి కండ్లల్ల ఒక్క చుక్క లేదు, గిదేం ఆడిదో" అని వాడకట్టంత చెప్పుకుంట తిరిగింది. చెప్పుకోనీ. కన్నీళ్లు రావొద్దని నేనేమన్న అడ్డం కూసున్ననా? రాలే, అంతే.

ఒకదినం పక్కింటి నాగవ్వ పల్లీలబుట్ట తెచ్చి నా ఒళ్లె వెట్టింది. "ఇంట్ల కూసొని గోడలు ఎన్నొద్దులు చూస్తవే, లే" అని డేరాకు తోలింది. గా దినం రెండో సగం చూసిన. తెల్లారి రొట్టె కాలుస్తుంటే నా నోట్లెకెల్లి మాటొచ్చింది. "గా ముసలోడు ఆ పిల్లను ఎందుకు ఎల్లగొట్టిండు? మొదట్ల ఏమైంది?" అన్న. రెండు నెల్లల్ల నేను మాట్లాడిన మొదటి మాట అది.

మా ఆయన రొట్టె ముక్క నోటిదాక తెచ్చి ఆగిండు. నా మొఖం చూసిండు. ఆనంక గొంతు సవరించుకొని, "ఒకడు ఎర్రగుర్రం మీద ఊర్లెకొస్తడు" అని మొదలువెట్టిండు. చెప్పి చెప్పి పనికి ఆల్చెం చేసుకున్నడు. గా దినం నుంచి మా ఇంట్ల గిదే ముచ్చట. వేరే ముచ్చట లేదు.

మా ఆయన పేరు యోహాను. చెప్పుడు మస్తు చెప్తడు. "ఆ పిల్ల నీలం చీర కట్టుకొని వాన్ల తడుసుకుంట వస్తది" అంటే వాన చేతికి తాకుతది. నేను చెప్పుడు గట్ల గాదు. నావి మూడే ముక్కలు.

"వాడు జైలుకు పోయిండు. తల్లి సచ్చింది. వాడొచ్చిండు, అయిపోయింది."

"గంతేనా?"

"ఇంకేం కావాలె?"

"పాటలు లేవా?"

"ఉన్నయి. రెండు ఎక్కువున్నయి."

"తల్లి వేసం కట్టినామె ఎట్ల చేసింది?"

"మంచిగనే సచ్చింది" అన్న. ఆయనకు నవ్వొచ్చింది. నాకు రాలే. ఒక్కోసారి నాకు నచ్చనివి గూడ చెప్తుంటి. హీరో మొఖానికి గంత సున్నమెందుకని, పదేండ్లు అడవిల తిరిగినోనికి తలకు నూనె ఏడికెల్లి వచ్చిందని. ఆయన మంచిగ తలకాయ ఊపుకుంట వినెటోడు. నా రెండో సగం ఇనెటప్పుడు రొట్టె నములుడు గూడ మరిచెటోడు.

గట్ల మూడేండ్లు పోయినయి. కార్తీకమాసంల ఒకదినం బాయికాడ నాగవ్వ కలిసింది. ఆమె నాపబండల గనిల పనిజేస్తది, డేరాకొచ్చిన ఏ సినిమా ఇడువది. సినిమాలకు పేర్లు మాకు తెల్వయి. కుక్క సినిమా, ఇద్దరత్తల సినిమా అని చెప్పుకుంటం. గా దినం బొక్కెన దించుకుంట నాగవ్వ అన్నది, "మొన్నటి కుంటోని సినిమాకు నాకు దుఃఖమాగలేదే."

"ఏ కుంటోడు?"

"అదేందే. ఆ పిల్లకు అన్న. సంకల కర్ర వెట్టుకొని టకటక నడుస్తడు గద. ఇంటర్వెల్లు ముందు సచ్చిపోతడు."

నేను చూసిన సగంల అన్న లేడు. మొదటి సగంల సచ్చిండని మా ఆయన చెప్పిండు. గని మా ఆయన చెప్పిన అన్న కుంటోడు గాదు. మిలట్రీల పనిజేస్తడు, ఆరడుగులుంటడు, బూట్లు టకటకమనుకుంట వస్తడు.

"వాడు మిలట్రోడు గాదా?" అన్న.

"మిలట్రీ ఏడిదే? నడువనీకె చాతగాదు వానికి" అన్నది నాగవ్వ. "మీ ఆయన చూసిండా, నిద్రపోయిండా?"

దానికన్న ముందొచ్చిన సినిమా సంగతి అడిగిన. పడవల పోతుంటే పాట వస్తదని మా ఆయన చెప్పిండె. నాగవ్వ నా మొఖం ఎగాదిగ చూసింది. పడవ లేదు, ఏం లేదు, బట్టలు ఉతుకుకుంట పాడుతదని చెప్పింది. ఇంకో సినిమా అడిగిన. అదీ గట్లనే ఉన్నది. మాటలు కలుస్తున్నయి, పాటలు కలుస్తున్నయి, మనుషులు కలుస్తలేరు.

నాగవ్వ బొక్కెన గట్టు మీద వెట్టి మెల్లగ అన్నది. "సినిమా చూస్తలేడు అంటే, ఆ రెండుగంటలు వికారాబాదుల ఏడుంటుండు? ఎవతెన్న ఉన్నదేమో చూసుకోరాదే."

ఆ మాట నాకు కొత్తది గాదు. అంతకు నెల ముందే మా అత్త మా పీట మీద కూసొని అన్నది. "రెండో లగ్గం పాస్టరయ్య చెయ్యనియ్యడు గని, మొగోడు పిల్లలు లేకుండ ఎన్నొద్దులుంటడు. ఏదో ఒకటి చూసుకుంటడు" అని. గప్పుడు నేను ఉల్లిగడ్డ కోస్తున్న. కోసుకుంటనే ఉన్న.

నాగవ్వ చెప్పినంక గూడ నాకు కడుపుల మండలే. బిందె నెత్తిన వెట్టుకొని ఇంటికొచ్చిన. ఉంటే ఉన్నది, నేను పోవాలె, గంతే గద అనుకున్న. కొడంగల్ల మా అన్న నర్సప్ప ఉన్నడు, ఇంత అన్నం వెడ్తడు. రెండు చీరలు మూటగట్టి సందుగ మీద వెట్టిన. మూట గట్టెటప్పుడు ఒక్కటే గుచ్చుకున్నది. కొడంగల్ల పొద్దుగాల లేస్తే మొదటి సగం ఎవరు చెప్తరు? నాకు ఉన్నదే గదొక్కటి. అది గూడ వేరేదానికి పోతదా అని మూట కాడనే కూసున్న. ఏడుపు రాలే.

కండ్లార చూసి పోదామని మరునాడు పల్లీలబుట్ట నాగవ్వకిచ్చిన. మా ఆయన పగటి బండికి పోయిండు. నేను వెనుక బండికి పోయిన. ధారూరు స్టేషన్ల బండి ఆగింది. జాతరకు మా క్రైస్తవులంత ఈడనే దిగుతరు. అడవిల చెట్ల కింద పొయ్యిలు వెట్టుకొని వారం రోజులుంటరు, మొక్కులు మొక్కుతరు. నేను దవాఖానల వడ్డప్పుడు జాతర నడుస్తుండె. గప్పటి సంది నేను దిగలే. ఏమని మొక్కాలె నేను? బండి కదిలింది.

వికారాబాదుల దిగి కొంగు నెత్తి మీదికి గుంజుకున్న. డేరా స్టేషన్‌కు దగ్గర్నే. చాయ్ హోటలు పక్కపొంటి నిలవడ్డ. పొద్దుగూకుతుంది. టికెట్లకాడ జనం తోసుకుంటుండ్రు. మా ఆయన ఒక్కడే డేరా కాడికొచ్చి, మెషిన్ నడిపెటాయనకు ఆ దినం వచ్చిన కొత్త సినిమా డబ్బ ఇచ్చిండు. ఇగ లోపలికి పోతడనుకున్న. పోలే. తువ్వాల దులిపి భుజం మీద ఏసుకొని డేరా ఎనుక దిక్కు నడిచిండు.

గా దిక్కు ఇండ్లున్నయి. ఒక ఇంటి ముంగట దీపం పెట్టి ఒక ఆడామె నిలవడ్డది. నేను నడుసుకుంట ఎనుకవోయిన. ఇదే ఇల్లు అనుకున్న. ఆమె ఎట్లున్నదో చూద్దామని గూడ అనిపియ్యలే.

మా ఆయన ఆ ఇంటి దాక పోలే. డేరా ఎనుక బండలు పేర్చి ఉన్నయి. వాటి మీద కూసున్నడు. డేరా దిక్కు గాదు, డేరాకు ఈపు చేసి కూసున్నడు. ఆ గుడ్డ ఎనుకనే తెర. అటు తిరిగితే బొమ్మ ఉల్టాగనన్న కనవడుతది. తిరుగలే. తువ్వాల నెత్తి మీద కప్పుకొని తల కిందికి వంచిండు.

ఆమె కోసం చూస్తుండని నేను వేపచెట్టు పక్కకు నిలవడి చూసిన. ఎవ్వరు రాలే. దీపం పెట్టినామె తలుపేసుకున్నది. లోపల సినిమా షురువైంది, మాటలు మంచిగ ఇనవడుతున్నయి. మా ఆయన పెదవులు కదులుతున్నయి, తెర మీదోళ్లు అన్న మాటను వాళ్ల వెనుకనే అంటుండు. లోపల జనమంత పక్కున నవ్విండ్రు. ఆయన నవ్వలే. తల పక్కకు వంచి ఆలోచన చేసిండు. ఎందుకు నవ్విండ్రో దొరుకవట్టుకున్నడేమో, జరసేపటికి ఒక్కడే నవ్విండు.

"మొగులమ్మవు గాదా?" అని నా ఎనుక ఎవరో అన్నరు. చూస్తే గేటుకాడ టికెట్లు చింపె బిచ్చయ్య. ముసలాయన, తాండూరొచ్చినప్పుడు నా కాడ గుడాలు తింటుంటడు. బీడి కాలుస్తందుకు ఇటొచ్చిండు.

"మా ఆయన లోపల ఎందుకు కూసోలే?" అని అడిగిన.

బిచ్చయ్య బీడి తీసిండు. "నీకు ఎర్కలేదా బిడ్డ?"

"ఏమెర్క?"

"కండ్లతోని సినిమా చూడడు. మొక్కున్నది."

"ఎప్పటి మొక్కు?"

"నువ్వు దవాఖానల ఉన్ననాటిది. మీ ధారూరు జాతరకు పోయి మొక్కుకున్నడట. నీ పానం నిలవడితే జన్మల సినిమా చూడనని. అంతకు ముందు ఒక్కో సినిమా పదిసార్లు చూసెటోడు. సినిమాల కోసరమే ఈ నౌకరిల చేరిండు. ఇచ్చెటందుకు ఆయన కాడ ఇంకేమున్నది? గదే ఇచ్చిండు."

లోపల పాట మొదలైంది. మా ఆయన వేళ్లతోని బండ మీద తాళం వేస్తుండు.

"పని ఇడువమని నేనే చెప్పిన" అన్నడు బిచ్చయ్య. "చూడకుంట దీంట్ల ఎందుకు సస్తవురా అన్న. ఇడువనన్నడు. ఇంటికాడ చెప్పాలెనట. ఆమె అడుగుతదట."

"నాకెందుకు చెప్పలే?"

"చూస్తలేనని తెలిస్తే ఇగ అడుగది, మల్ల నోరు మూసుకుంటది అన్నడు. గందుకే వాన్లల్ల గూడ ఈడనే కూసుంటడు. పిలువాల్నా?"

"వద్దు" అన్న. "నేనొచ్చినట్టు చెప్పకు."

ఇంటర్వెల్లు గంట కొట్టిండ్రు. మా ఆయన లేసి, నడుము పట్టుకొని జర నిలవడి, డబ్బ కోసం పోయిండు. నేను ఆడోళ్ల డబ్బలెక్కి కూసున్న. బండి ధారూర్ల ఆగితే ఈసారి కిటికిలకెల్లి ప్లాట్‌ఫారం చూసిన. ఏం లేదాడ. ఒక కుక్క పండున్నది. తాండూర్ల దిగి, ఇంటికొచ్చి, మూట విప్పి చీరలు మల్ల దండెం మీద ఏసిన.

తెల్లారి ఎప్పటి తీరుగనే పొయ్యి ముంగట కూసున్నడు. నేను రొట్టె తడుతున్న.

"ఎట్లున్నది?" అన్న.

"మంచిగున్నది. మొదట్ల జర సాగదీసిండు గని, పిల్ల వచ్చినంక మంచిగైంది." గొంతు సవరించుకున్నడు. "ఆ పిల్ల పచ్చచీర కట్టుకొని బాయికాడికొస్తది. పచ్చదంటే వరిమొలక పచ్చ. నీకు పెండ్లిల మీ అన్న పెట్టిండు సూడు, గసొంటిది."

నా చెయ్యి పెనం మీద ఆగింది. పచ్చచీర. మొన్న నీలంచీర. మూడేండ్ల కింద ఎర్రగుర్రం. తెర మీద రంగులేడియి? మా డేరాకొచ్చిన సినిమాలన్ని తెలుపు, నలుపు, నడుమ బూడిద. నేను దినం చూస్తున్న. దినం ఆయన నాకు రంగులు చెప్తుండు. మూడేండ్లల్ల ఒక్క దినం గూడ నాకు తట్టలే. నేను ఏడున్ననో గన్ని దినాలు, నాకే తెల్వది.

గప్పుడు నాకు కోపమొచ్చింది. సిన్న కోపం గాదు, చెవులు వేడెక్కినయి. నన్నడుగకుండ నా పానానికి నీ కండ్లు ఎట్లిచ్చినవయ్య? ఇచ్చి ఏం తెచ్చుకున్నవు? కట్టెను తెచ్చుకున్నవు. రొట్టెలు కాల్చె కట్టెను. నెత్తిల ఒక్కటి వెట్టాలె, పట్టుకొని ఏడువాలె, రెండూ అనిపించింది. బిడ్డ పోయినంక గింత గట్టిగ ఏదన్న అనిపించుడు నాకు గదే మొదటిసారి. పెనం అంచు పట్టుకుంటే చెయ్యి కాలింది. కాలుడు గూడ మంచిగ తెలిసింది.

"చెయ్యి కాలిందా?" అన్నడు.

"ఏం గాలే. చెప్పు నువ్వు."

చెప్పిండు. ఇంటర్వెల్లు దాక వచ్చిండు. ఆ పిల్లకు పెద్ద జరమొస్తదంట, మొగడు వానల వైద్యుని కోసం ఉరుకుతడంట, ఆడ ఇంటర్వెల్లు. చెప్పి, రొట్టె తుంచుకొని, నా దిక్కు తిరిగిండు.

"ఇగ నీది చెప్పు. ఆనంక ఏమైంది?"

రాత్రి నేను రెండో సగం చూడలే. నాకు ఆనంక ఏమైందో తెల్వది. తెల్వదని చెప్పొచ్చు. నాగవ్వనడుగు అనొచ్చు. కాలిన చెయ్యి నీళ్లల్ల ముంచిన.

"జరం తగ్గింది" అన్న. "గని మాట్లాడది. మన్ను లెక్క కూసుంటది. మొగడు దినం ఏదో ఒకటి చెప్తుంటడు, ఆమె ఇంటది."

ఆయన నములుడు ఆపిండు. నేను ఎప్పుడు గింత పొడుగు చెప్పలే.

"పచ్చచీర ఏమైంది?"

"పాతగైంది. గదే కట్టుకుంటది."

"సస్తదా ఆఖరికి?" అన్నడు. నా సినిమాలల్ల ఎవరో ఒకరు సస్తరని ఆయనకు ఎర్క. అడుగుకుంట నన్ను గాదు, పొయ్యిల నిప్పును చూసిండు.

"సావది. బతుకుతది."

"మంచిగ బతుకుతదా?"

రొట్టె తిరుగేసిన. అంచు మాడింది. మాడింది నా దిక్కు వెట్టుకొని, మంచిది ఆయన తట్టల ఏసిన.

"జర టైం వడ్తది" అన్న.